కావచ్చు డాక్టరు

సీతమ్మధారలో ఒక స్కానింగ్ సెంటరుంది. అందులో ఏసీ బాగా చల్లగా, వెలుతురు బాగా మసగ్గా ఉండే లోపలి గదిలో కూర్చుంటాడు డాక్టర్ రమణమూర్తి. ఎక్స్‌రేలూ స్కాన్లూ చూసి మనిషి లోపల ఏముందో రాసివ్వడం ఆయన వృత్తి. ఊళ్లో మిగతా డాక్టర్లు ఆయనకు ఇంకో పేరు పెట్టుకున్నారు. ఆయన ముందు ఆ పేరు ఎవరూ అనరు. రిపోర్టు కవరు చేతికందగానే మాత్రం "కావచ్చు గారు ఏం సెలవిచ్చారో చూద్దాం" అంటూ విప్పుతారు. విప్పాక చూడ్డానికేమీ ఉండదు. రాయి కావచ్చు, నీటిబుడగ కావచ్చు, గడ్డ కావచ్చు, ఏమీ కాకపోనూవచ్చు. తగిన వైద్యులు రోగిని పరీక్షించి పోల్చి చూసుకోగలరు. ఈ చివరి వాక్యం ఆయన కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే దానంతటదే పడిపోతుంది. ఆ మీట మీది అక్షరం ఏనాడో అరిగిపోయింది.

ఆయన గది గోడకి, చట్టం ప్రకారం తగిలించి తీరాల్సిన బోర్డు ఒకటుంది. పుట్టబోయే బిడ్డ ఆడో మగో ఇక్కడ చెప్పబడదు, అడగరాదు అని. ఆ గదిలో తేల్చి చెప్పిన మాట ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఇంతకీ ఈ రోగం ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. గరివిడి దగ్గర పల్లెలో రైతుల ఇంట పుట్టాడు. తల్లి కాశమ్మ వరి ఊడ్పుల మధ్య నిలబడి, ఆకాశం ఓసారి చూసి, "వాన రాదు, పన్జెయ్యండి" అని తేల్చి చెప్పే మనిషి. కొడుకూ చిన్నప్పుడు అలాంటివాడే. మెడికల్ కాలేజీ హాస్టల్లో మొదటిరోజే "నాను గరివిడి నుంచొచ్చేను" అన్నాడు. గది గదంతా నవ్వింది. ఆ నవ్వుతో ఆయన 'నాను' పోయి 'నేను' అయింది. ఆ తర్వాత తన సొంత మాట దేని మీదా ఆయనకు నమ్మకం మిగల్లేదు.

డాక్టరయ్యాక కొన్నాళ్లు అత్యవసర విభాగంలో పనిచేశాడు. అక్కడ పేషెంటు తాలూకు మనుషులు చొక్కా పట్టుకుని "బతుకుతాడా బాబూ?" అని అడిగేవారు. రమణమూర్తి ఆ ప్రశ్నకి చచ్చేంత భయపడ్డాడు. పై చదువులో ఏ విభాగం కావాలని అడిగితే, మనుషులు బొమ్మలై వచ్చే విభాగం కోరుకున్నాడు. బొమ్మలు చొక్కా పట్టుకోవు. అక్కడ దొరికిన ప్రొఫెసరు కూడా సరైనవాడే దొరికాడు. ఆ పెద్దమనిషి ఎప్పుడో ఒక రిపోర్టులో 'లేదు' అని రాసి, ఉన్నట్టు తేలి, వినియోగదారుల కోర్టు మెట్లెక్కాడట. ఆనాటి నుంచి శిష్యులందరికీ స్కాన్లు చదవడంతో పాటు గోడమీద పిల్లివాటం కూడా శ్రద్ధగా నేర్పాడు.

న్యాయం చెప్పాలి. రమణమూర్తి కన్ను మంచిది. పదిమంది చూసి వదిలేసింది ఆయన కన్ను మొదటి చూపులోనే పట్టేస్తుంది. కానీ చూసే కంటికీ రాసే చేతికీ మధ్య ఎక్కడో ఒక పిరికివాడు కాపురం పెట్టాడు. కన్ను చెప్పిందాన్ని వాడు విని, వణికి, నాలుగు కావచ్చులు కలిపి చేతికందిస్తాడు.

వాడు ఇంటికి కూడా వెంట వచ్చేవాడు. భార్య పుష్ప మద్దిలపాలెంలో బ్యాంకు ఉద్యోగి. లెక్క తేలందే సీటులోంచి లేవని మనిషి. "పులుసులో ఉప్పు సరిపోయిందేటండీ?" అని ఆవిడ అడిగితే, "తగ్గినట్టు అనిపించవచ్చు. ఎక్కువ కాలేదని మాత్రం చెప్పలేం. నువ్వోసారి రుచి చూసుకుంటే మంచిది" అనేవాడు. పెళ్లిచూపుల నాడు, అమ్మాయి నచ్చిందా అని పెద్దలడిగితే, "ప్రస్తుతానికి అభ్యంతరకరమైనదేదీ కనబడలేదు" అన్నాడట. పుష్ప ఈ మాట చుట్టాలందరికీ చెప్పింది. కొత్త చుట్టాలు దొరికితే మళ్లీ మొదటి నుంచి చెబుతుంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. గంగాలమ్మ దగ్గరికొచ్చేసరికి నవ్వు రాదు.

గంగాలమ్మ చేపలమ్మే మనిషి. సెంటర్లో మిషన్లు నడిపే టెక్నీషియను గురువులుకి మేనత్త. గురువులుది పెదజాలారిపేట. అన్నలు ఇప్పటికీ సముద్రం మీద చేపల వేటకెళతారు, ఇతను మాత్రం డిప్లొమా చదివి ఈ చల్లగదిలో పడ్డాడు. మూడేళ్ల కిందట మేనత్తకి కడుపులో మంటగా ఉందంటే తనే తీసుకొచ్చాడు. మంటకి కారణం గ్యాసు. అయితే స్కానులో కాలేయం మీద చిన్న తెల్లమచ్చ కనపడింది. పుట్టుమచ్చ ఒంటి మీద ఉన్నట్టే కొందరికి లోపల అలాంటిది ఉంటుంది. దానివల్ల ఏ చిక్కూ లేదు. రమణమూర్తి కన్ను ఆ సంగతి చిటికెలో చెప్పేసింది.

గంగాలమ్మ బల్ల మీద పడుకునే అడిగింది. "బాబూ, కేన్సరుందా నేదా? ఒక్కముక్క సెప్పు."

"అలా చెప్పకూడదమ్మా. రిపోర్టులో అంతా రాస్తాను" అన్నాడు ఆయన.

రాశాడు. మామూలు రక్తనాళాల ముద్ద కావచ్చు. అయితే కేన్సరు కాదని ఖచ్చితంగా చెప్పలేము. తర్వాత మీట నొక్కాడు. పోల్చి చూసుకోగలరు పడింది. గంగాలమ్మ కాగితం కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. రమణమూర్తి తర్వాతి పేషెంటుని పిలిచాడు. తను రాసిన కాగితం గది దాటాక ఎవరి బతుకులో ఏం చేస్తుందో ఆయన ఎప్పుడూ అడిగి తెలుసుకోలేదు. అది తన విభాగం కాదు.

ఇలా నిశ్చింతగా సాగిపోతుండగా ఈ ఏడాది ఆయనకు పొడిదగ్గు పట్టుకుంది. పోర్టు వైపు నుంచి గాలి వీచిన రోజున బాల్కనీలో ఆరేసిన బట్టల మీద బొగ్గుపొడి నల్లగా పడుతుంది కాబట్టి దాన్ని తిట్టాడు. నెలలు గడిచాయి. గాలి మారింది గానీ దగ్గు మారలేదు. పుష్ప పోరు పడలేక ఒక శనివారం మధ్యాహ్నం సెంటరు ఖాళీగా ఉన్నప్పుడు గురువుల్ని పిలిచాడు.

"నన్ను ఓసారి సీటీ స్కాను బల్ల మీద పడుకోబెట్టు గురువులూ. ఛాతీకి."

"ఏటయ్యింది సార్?"

"ఏమీ కాలేదు. మిషను సరిగ్గా ఉందో లేదో చూద్దామని."

గురువులు నమ్మలేదు. నమ్మినట్టు తలూపాడు. "పేరేటి కొట్టమంటారు సార్?"

"గంగాధరరావు అని కొట్టు. వయసు ఓ పదేళ్లు ఎక్కువ వెయ్యి."

పడుకున్నాడు. ఊపిరి పీల్చండి, బిగబట్టండి, వదలండి అని మిషనులోంచి ఆడగొంతు పలికింది. ఇన్నేళ్లూ అద్దం అవతల నుంచి విన్న గొంతే. ఇవాళ అది తనతోనే మాట్లాడుతుంటే ఆయనకు ఊపిరి బిగబట్టడం తప్ప వదలడం చాతకాలేదు.

కుడి ఊపిరితిత్తి పైభాగంలో శనగగింజంత మచ్చ ఉంది. అంచులు నున్నగా లేవు. కన్ను మొదటి చూపులోనే సంగతి చెప్పేసింది. ఆయన వినదలుచుకోలేదు. వేరేవాళ్ల ఛాతీ అయితే టీ చల్లారకముందే కావచ్చులు పేర్చి పక్కన పెట్టేవాడు. తనది కావడంతో కుర్చీలోంచి లేవలేకపోయాడు. చిన్నప్పటి నెమ్ము తాలూకు మచ్చ అనుకున్నాడు, బొగ్గుపొడి అనుకున్నాడు, మిషను పొరపాటు అని కూడా అనుకున్నాడు. చివరికి ఇంకొకరి కన్ను కావాలని తేల్చుకున్నాడు. ఊళ్లో తోటి డాక్టర్ని అడిగితే సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. అందుకని ఆ స్కానుని బెంగళూరు పంపించమన్నాడు.

ఈ బెంగళూరు సంగతి కాస్త చెప్పాలి. అక్కడొక కంపెనీ ఉంది. డాక్టరు సెలవు పెట్టిన సెంటర్లూ, డాక్టరే దొరకని ఊళ్ల ఆసుపత్రులూ తమ స్కాన్లని నెట్‌లో ఆ కంపెనీకి పంపుతాయి. కంపెనీ వాటి మీద పేరూ ఊరూ తీసేసి, నంబరు తగిలించి, దేశమంతటా ఇళ్లలో కూర్చున్న డాక్టర్లకి పంచుతుంది. ఆ డాక్టర్లలో మన రమణమూర్తి ఒకడు. సెంటరు ఓనరుకి తెలియకుండా ఆదివారాలు ఇంట్లో ఈ రెండో కొలువు చేస్తాడు. వందలమంది డాక్టర్లలో ఎవరో ఒక మహానుభావుడు తన మచ్చ చూసి నిజం రాస్తాడని ఆశపడ్డాడు.

మర్నాడు ఆదివారం. పుష్ప తన అక్కాబావలతో కలిసి రుషికొండ వెళ్దామని ముందే చెప్పింది. వాళ్లొచ్చేలోగా పని ముగించుకోవాలని రమణమూర్తి ఉప్మా పళ్లెంతో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మోకాళ్లు, తలకాయలు, కడుపులు వరసగా వస్తున్నాయి, కావచ్చులు వరసగా పడుతున్నాయి. మధ్యలో ఒక ఛాతీ వచ్చింది. కుడి ఊపిరితిత్తి, పైభాగం, చిన్న మచ్చ.

ఆయన చెంచా ఆగింది. 'అరె, అచ్చం నాలాంటిదే!' అనుకున్నాడు.

మనిషి అద్దంలో తన మొహం గుర్తుపడతాడు గానీ తన ఊపిరితిత్తిని ఎక్కడ గుర్తుపడతాడు? నిన్న భయంతో ఒక్క మచ్చనే గంటసేపు చూశాడు తప్ప దాని చుట్టూ ఉన్న తనని చూసుకోలేదు. ఇవాళ ఇది నంబరు. ఎవరో అరవై ఏళ్ల ఊరూపేరూ లేని మనిషి. ఇతనికీ ఉందంటే ఇది ఇంటింటా ఉండేదేనన్నమాట. రమణమూర్తికి ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో ఆ అనామకుడి మీద ఎక్కడలేని దయా కలిగింది. పాపం, ఇతన్ని భయపెట్టడం ఎందుకనుకున్నాడు. పాత ఇన్ఫెక్షను తాలూకు మచ్చ కావచ్చు. ఇతర కారణాలూ లేవని చెప్పలేము. కొన్ని నెలలాగి మళ్లీ స్కాను తీయించుకోవచ్చు. మీట నొక్కాడు.

ఆరోజు రుషికొండ ఇసుకలో తోడల్లుడితో బంతాట కూడా ఆడాడు. పుష్ప ఆశ్చర్యపోయి చూసింది. దగ్గొచ్చినప్పుడల్లా పక్కకి తిరిగి దగ్గాడు.

సోమవారం గురువులు కాగితం పట్టుకుని లోపలికొచ్చాడు.

"సార్, మన గంగాధరరావు గారి రిపోర్టొచ్చేసిందండి."

"ఎవరు రాశారు? సీనియరేనా?"

గురువులు కాగితం కేసి చూశాడు, ఆయన కేసి చూశాడు, మళ్లీ కాగితం కేసి చూశాడు. "సీనియరే సార్. మీరే."

రమణమూర్తి కాగితం లాక్కున్నాడు. సంతకం తనదే, కావచ్చులూ తనవే, అనామకుడి మీద చూపించిన దయా తనదే. ఇలాంటి కాగితం వేలమందికి ఇచ్చాడు. పేషెంటుగా చేత్తో పట్టుకోవడం ఇదే మొదటిసారి. మొదటి నుంచి చదివాడు, చివరి నుంచి చదివాడు. జవాబు ఎక్కడైనా మిగిలిపోయిందేమోనని వెనక్కి తిప్పి చూశాడు. వెనకాల సెంటరు వాళ్ల హెల్త్ చెకప్ ఆఫరు అచ్చేసి ఉంది. ఆయనకు ఒళ్లు మండిపోయింది. ఎవడీ దద్దమ్మ, ఉందో లేదో రాసి ఏడవచ్చు కదా అనుకున్నాడు. అనుకున్నాక, తిట్టింది ఎవర్నో గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని అడిగాడు. "గురువులూ, మీ మేనత్తకి తర్వాత ఏమైంది?"

"ఏటీ అవనేదండి. బాగానే ఉంది" అన్నాడు గురువులు. "మీరిచ్చిన కాయితం పట్టుకుని ఏడాది తిరిగిందండి. ఒకాయన కేన్సరేమో అన్నాడు, ఇంకొకాయన అవుననీ అన్నేదు, కాదనీ అన్నేదు. ఇంక సచ్చిపోతాననుకుని బజార్లో తన సోటు వదిలేసి ఇంట్లో కూకుంది. సావు రానేదు గానీ సోటు పోయిందండి. ఇప్పుడక్కడ ఇంకొకర్తి కూకుంతంది. మా అత్త తట్ట నెత్తినెట్టుకుని ఈదులెంట తిరుగుతంది."

"నాతో చెప్పలేదేం?"

"మీరడగనేదు కదండి" అన్నాడు గురువులు. అందులో ఎత్తిపొడుపు లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మద్దిలపాలెంలో ప్రాక్టీసు చేసే ఛాతీ డాక్టరు నీలిమే ఆయనకి 'కావచ్చు గారు' అని పేరు పెట్టిందని ఆయనకు తెలుసు. తెలిసీ ఆవిడ దగ్గరికే వెళ్లాడు. ఆవిడ రిపోర్టు చదివి అలవాటుగా నిట్టూర్చింది.

"మీరు రాసిందేగా సార్. పేషెంటేరీ?"

"మీ ఎదురుగానే కూర్చున్నాడు."

నీలిమ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. సూదితో మచ్చలోంచి చిన్న ముక్క తీయించి ల్యాబుకి పంపింది. ఆ రిపోర్టు వచ్చేదాకా రమణమూర్తి అన్నం సయించక, నిద్రపట్టక తిరిగాడు. చావంటే భయపడ్డాడు, అంతకన్నా కాగితం కోసం ఎదురుచూడ్డానికి భయపడ్డాడు. గంగాలమ్మ ఇలా ఏడాది ఉందన్న సంగతి తలుచుకున్నప్పుడల్లా లేచి గదిలో పచార్లు చేశాడు.

చివరికి వచ్చింది. ఇచ్చిన ముక్కలో కేన్సరు కణాలు కనబడలేదు. అయితే ముక్క చిన్నది కాబట్టి లేదని చెప్పలేము. స్కానుతో పోల్చి చూసుకోగలరు.

"ఇదేం రిపోర్టండీ!" అని రమణమూర్తి బల్ల చరిచాడు. "ఇలా రాస్తే పేషెంటు ఏమైపోవాలి?"

నీలిమ ఆయన రాసిన రిపోర్టు తీసి దాని పక్కనే పెట్టింది. ఆయనే చెయ్యి బల్ల మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

అప్పుడు ఆవిడ కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పింది. "స్కానుతో పోల్చమన్నాడు. స్కాను చదివేవారు మీరు. ఇంకొకరికి చూపించమంటే చూపిస్తాను, వాళ్లూ మీలాగే రాస్తారు. కోయిస్తే ఊపిరితిత్తిలో ముక్క పోతుంది. ఆగితే, అదే గనక అయితే, ప్రాణం మీదికొస్తుంది. మీ కన్ను ఎలాంటిదో నాకు తెలుసు సార్. ఉందా, లేదా?"

"ఉండవ..."

"ఆ మాట నాకొద్దు."

రమణమూర్తి తెర కేసి చూశాడు. పిరికివాడు లోపల గింజుకున్నాడు. ఈసారి కాగితం ఇచ్చేసి తర్వాతి పేషెంటుని పిలవడానికి లేదు. తర్వాతి పేషెంటూ తనే.

"ఉందమ్మా" అన్నాడు. గొంతు తనది కానట్టుంది, ఎప్పటిదో గరివిడి గొంతు. "నాను సూసిన్రోజే తెల్సు నాకు. కోయించీ."

కోయించారు. బయటికొచ్చిన మచ్చని మొత్తంగా పరీక్షించారు. అదే. మొదటి దశలోనే దొరికింది కాబట్టి ప్రాణానికి ఢోకా లేదన్నారు. పుష్ప ఆసుపత్రి వరండాలో నిలబడి భోరుమంది. రమణమూర్తి కూడా ఏడ్చాడు, భయం తీరి కొంతా, ఇన్నేళ్ల సిగ్గు తీరక కొంతా. ఇంటికొచ్చాక మొదటి భోజనంలోనే పులుసు నోట్లో పెట్టుకుని "ఉప్పు ఎక్కువైంది" అన్నాడు. పుష్ప రెండు రోజులు మాట్లాడలేదు.

మళ్లీ డ్యూటీలో చేరిన వారం గురువుల్ని బతిమాలి గంగాలమ్మని పిలిపించాడు. ఆవిడ రానంటే రానంది. చివరికి వచ్చింది. తట్ట తలుపు పక్కనే దించింది. నీచువాసనకి రిసెప్షనులో అమ్మాయి ముక్కు మూసుకుంది. రమణమూర్తి గురువుల్ని కూడా ముట్టుకోనివ్వకుండా తనే జెల్లు రాసి తనే స్కాను చేశాడు. మచ్చ ఎలా ఉన్నది అలాగే ఉంది. వెంట్రుకవాసి పెరగలేదు. ఆయన కంప్యూటరు జోలికి పోలేదు.

"నేదమ్మా" అన్నాడు. "నీకు కేన్సరు నేదు. అది పుట్టుమచ్చలాంటిది. ఇప్పుడూ నేదు, అప్పుడూ నేదు."

గంగాలమ్మ లేచి కూర్చుంది. పొట్ట మీది జిగురు చీరకొంగుతో మెల్లిగా తుడుచుకుంది.

"అప్పుడూ నేదని, అప్పుడే తెల్సా బాబూ నీకు?"

"తెలుసమ్మా."

"మరాముక్క అప్పుడే సెప్పుంటే నీ సొమ్మేటి పోయేది?"

రమణమూర్తి గోడ మీది బోర్డు కేసి చూశాడు. అరిగిన మీట కేసి చూశాడు. గంగాలమ్మ బల్ల దిగింది. గురువులు తట్ట ఎత్తి ఆమె నెత్తిన పెట్టాడు. సెంటరు మెట్లు దిగి, బజారు వైపు పోకుండా ఎదురువీధిలోకి తిరిగి, "సేపలమ్మా, సేపలూ" అని కేకేసుకుంటూ వెళ్లిపోయింది.